నరకం ఎంతకాలం? అసలు తగువు ఆత్మ గురించి

మత్తయి సువార్త 10వ అధ్యాయంలో యేసు తన శిష్యులతో అన్న మాట ఒకటుంది. “ఆత్మను చంపనేరక దేహమునే చంపువారికి మీరు భయపడకుడి గాని, ఆత్మను దేహమును కూడ నరకములో నశింపజేయగలవానికి మిక్కిలి భయపడుడి.” ఈ వాక్యాన్ని సగం దగ్గర ఆపి చదివితే, ఎవరు చంపినా చావని ఆత్మ ఒకటి మనిషిలో ఉందనిపిస్తుంది. మిగతా సగం కూడా చదివితే, ఆ ఆత్మ కూడా నశించే వీలుందనిపిస్తుంది. చివరికి దుష్టుల గతి ఏమిటన్న దానిపై క్రైస్తవులు దాదాపు రెండు వేల ఏళ్లుగా చేస్తున్న వాదన చాలావరకు ఈ ఒక్క వాక్యంలోనే ముడుచుకుని ఉంది.

బయటినుంచి చూసేవాళ్లకు క్రైస్తవ బోధ సూటిగానే కనిపిస్తుంది. నమ్మినవాళ్లు పరలోకానికి, నమ్మనివాళ్లు నరకానికి, రెండూ శాశ్వతం. సంఘాల్లో పుట్టి పెరిగినవాళ్లు కూడా చాలామంది అంతే అనుకుంటారు. కానీ తొలి శతాబ్దాల నుంచీ ఇందులో మూడు దారులున్నాయి. శిక్ష అంతం లేకుండా సాగుతుందని కొందరు (నిత్యశిక్ష వాదులు), దుష్టులు చివరికి పూర్తిగా లేకుండా పోతారని కొందరు (నిర్మూలన వాదులు), శిక్ష ఎంత కఠినమైనా ఏదో ఒకనాటికి అందరూ దేవుని దగ్గరకు చేరతారని మరికొందరు (సర్వరక్షణ వాదులు). పైకి ఇది “నరకం ఎంతకాలం” అన్న తగువులా ఉంటుంది. నాకైతే అసలు తగువు దానికి ఒక మెట్టు కింద ఉందనిపిస్తుంది. మనిషికి అమరత్వం పుట్టుకతో వచ్చిన సొత్తా, లేక దేవుడు ఇస్తేనే దొరికేదా? ఆత్మ సహజంగానే చావనిదైతే, దుష్టుడి ఆత్మ కూడా ఎక్కడో ఒకచోట ఎప్పటికీ ఉండి తీరాలి. అప్పుడు మిగిలేవి రెండే: ఎప్పటికీ బాధ, లేదా ఎప్పటికైనా మార్పు. ఆత్మ చావగలదని ఒప్పుకుంటేనే “లేకుండా పోవడం” అనే దారి తెరుచుకుంటుంది.

తెలుగులో దీని గురించి మాట్లాడేటప్పుడు మాటలతోనే ఒక చిక్కుంది. “ఆత్మ” అనగానే ఆయుధాలు కోయలేవు, అగ్ని కాల్చలేదు అన్న గీతా శ్లోకం చెవిలో మోగుతుంది. మన మతం ఏదైనా సరే, ఆ మాటతో పాటు ఆ భావం కూడా వచ్చేస్తుంది. “నరకం” అనగానే చేసిన పాపం తీరేదాకా అనుభవించి మళ్లీ జన్మెత్తే పురాణాల నరకం గుర్తొస్తుంది. బైబిలు తెలుగులోకి వచ్చినప్పుడు ఈ రెండు మాటలూ తమ పాత సామానంతా మోసుకునే వచ్చాయి. అందుకని ముందు మూలభాషల్లో ఏముందో చూడాలి.

ఆదికాండము 2:7లో దేవుడు నేలమంటితో నరుణ్ణి చేసి, ముక్కు రంధ్రాల్లో జీవవాయువును ఊదగా “నరుడు జీవాత్మ ఆయెను” అని ఉంది. హీబ్రూలో ఆ మాట “నెఫెష్ హయ్యా”. విచిత్రం ఏమిటంటే, మొదటి అధ్యాయంలో నీళ్లలో తిరిగే ప్రాణులకూ, నేల మీది జంతువులకూ వాడిందీ ఇదే జంట మాట. సంఖ్యాకాండము 6:6లో శవం గురించి చెప్పేటప్పుడు కూడా నెఫెష్ అనే మాటే వస్తుంది. అంటే నెఫెష్ అనేది దేహం లోపల దాక్కున్న చావులేని పదార్థం కాదు. ప్రాణి మొత్తానికి అది పేరు. మట్టికి ఊపిరి తోడైతే ప్రాణి, ఊపిరి పోతే మళ్లీ మట్టి. ఆదికాండము మూడో అధ్యాయంలో ఆదాము జీవవృక్షఫలం తిని ఎల్లప్పుడూ బతికిపోకుండా అతన్ని తోటనుంచి పంపేశారని ఉంది. పుట్టుకతోనే అమరుడైనవాడికి చెట్టు దగ్గర కాపలా పెట్టాల్సిన పనేముంది? అమరత్వం వరమే తప్ప స్వభావం కాదనేవాళ్లు ఎప్పుడూ ఇక్కడినుంచే మొదలుపెడతారు.

పాత నిబంధనలో చనిపోయినవాళ్లు వెళ్లే చోటు “షెయోల్”. తెలుగు బైబిలు దాన్ని పాతాళం అంటుంది. అది శిక్షాస్థలం కాదు. మంచివాడు యాకోబూ అక్కడికే వెళ్తానంటాడు, చెడ్డ రాజులూ అక్కడికే వెళ్తారు. చచ్చినవాళ్లు ఏమీ ఎరుగరని ప్రసంగి గ్రంథం తేల్చేస్తుంది. మరణం తర్వాత లెక్క తేలే రోజు ఒకటుందన్న మాట స్పష్టంగా వినిపించేది దానియేలు 12:2లో. నిద్రించిన అనేకులు మేలుకుంటారు, కొందరు నిత్యజీవానికి, కొందరు నిందకూ నిత్య హేయతకూ. ఇక్కడ కూడా ఆశ చావని ఆత్మ మీద కాదు, సమాధిలోంచి లేవడం మీద. ఈ తేడా చాలా ముఖ్యం.

గ్రీకుల దారి వేరు. ప్లేటో దృష్టిలో ఆత్మ దేహమనే చెరలో ఉంది, మరణం దానికి విడుదల. అలెగ్జాండర్ తర్వాత గ్రీకు భాష, గ్రీకు ఆలోచన యూదుల మధ్యకు కూడా వచ్చాయి. అందుకే “నిత్యనరకం బైబిలుది కాదు, ప్లేటో చలవ” అని కొందరు ఒక్క ముక్కలో కొట్టిపారేస్తారు. అది కొంచెం తొందరపాటు. పరిసయ్యులు (యూదుల్లో ఒక మత పక్షం) ఆత్మ నశించదనీ దుష్టుల ఆత్మలకు నిత్యశిక్ష ఉంటుందనీ నమ్మేవారని మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసిఫస్ రాశాడు. యేసుకు ముందే రాసిన యూదితు గ్రంథం చివరి పాటలో శత్రువులు అగ్నిలో, పురుగుల మధ్య బాధతో ఎప్పటికీ ఏడుస్తారని ఉంది. ప్లేటోను పక్కన పెట్టినా, ఈ ఆలోచన అప్పటికే యూదుల నోట ఉంది.

కొత్త నిబంధన అమరత్వం గురించి ఏమంటుంది? దేవుడు మాత్రమే అమరత్వం గలవాడని తిమోతికి రాసిన మొదటి పత్రిక. మర్త్యమైన ఈ శరీరం అమర్త్యతను “ధరించుకొనవలసియున్నది” అని కొరింథీయులకు పౌలు. ధరించుకోవడం అంటే ఇప్పుడు ఒంటి మీద లేదనే కదా. 381 నాటి నైసీయ విశ్వాస ప్రమాణం (సంఘం నమ్మేవాటిని క్లుప్తంగా చెప్పే పాఠం) కూడా మృతుల పునరుత్థానం, రాబోయే యుగపు జీవం అంటుంది గానీ ఆత్మ అమరమని ఎక్కడా అనదు. దుష్టులు “నిత్యాగ్ని”లోకి పోతారన్న మాట అథనాసియుస్ పేరుతో తర్వాత వచ్చిన ప్రమాణంలో కనిపిస్తుంది.

తొలి సంఘ పితరులు, అంటే తొలి శతాబ్దాల క్రైస్తవ బోధకులు, ఒక్క మాట మీద లేరు. రెండో శతాబ్దంలో జస్టిన్, ఆత్మ తనంతట తాను అమరం కాదనీ దేవుడు ఉండమన్నంత కాలమే ఉంటుందనీ రాశాడు. మళ్లీ అదే జస్టిన్ దుష్టులకు శాశ్వత శిక్ష ఉందనీ అన్నాడు. ఆత్మ ప్రశ్న తేలితే నరకం ప్రశ్న పూర్తిగా తేలిపోదనడానికి ఈయనే సాక్షి: సహజంగా చావగలిగినదాన్ని కూడా దేవుడు శిక్ష కోసం బతికించి ఉంచవచ్చు. కార్తేజ్‌కు చెందిన తెర్తుల్లియన్ మాత్రం ఆత్మ సహజంగానే అమరమని గట్టిగా వాదించాడు. 300 ప్రాంతంలో ఆర్నోబియుస్ దుష్టుల ఆత్మలు కాలి లేకుండా పోతాయన్నాడు. చివరికి గెలిచింది తెర్తుల్లియన్ వైపు. పాశ్చాత్య సంఘంలో దానికి స్థిరమైన రూపం ఇచ్చినవాడు అయిదో శతాబ్దపు అగస్టీన్. 1513లో అయిదో లాతరన్ మహాసభ ఆత్మ మర్త్యమనేవాళ్లను ఖండించడంతో కతోలిక సంఘంలో ఆ ముచ్చట ముగిసింది.

అగస్టీన్ వాదనలో అతి బలమైన పోటు మత్తయి 25:46 మీద ఉంది. “వీరు నిత్యశిక్షకును నీతిమంతులు నిత్యజీవమునకును పోవుదురు.” రెండు చోట్లా ఉన్నది “అయోనియోస్” అనే ఒకే గ్రీకు మాట. జీవం అంతం లేనిదైతే శిక్ష కూడా అంతం లేనిదే కావాలి. ఒకే వాక్యంలో ఒకే మాటకు రెండు అర్థాలు ఎలా చెబుతారని ఆయన నిలదీశాడు. నిజమే, తేలిగ్గా తప్పించుకోలేని ప్రశ్న ఇది. దీనికి నిర్మూలన వాదులు ఇచ్చే జవాబుల్లో నాకు పనికొచ్చేదిగా కనిపించింది ఒకటుంది. హెబ్రీ పత్రికలో “నిత్యమైన విమోచన” అని ఉంది. విమోచించే పని ఎప్పటికీ సాగుతూ ఉంటుందని దాని అర్థం కాదు. ఒక్కసారి జరిగింది, ఫలితం శాశ్వతం. అదే పత్రికలోని “నిత్యమైన తీర్పు” కూడా అంతే, న్యాయాధిపతి యుగాల తరబడి తీర్పు చదువుతూ కూర్చోడు. అలాగే నిత్యశిక్ష అంటే శిక్షిస్తూనే ఉండటం కాక, తిరిగిరాని శిక్ష కావచ్చు. మరణశిక్ష అమలు కావడానికి నిమిషాలే పట్టినా అది జీవితఖైదు కంటే చిన్న శిక్ష అని ఎవరూ అనరు కదా.

“నశించడం” అన్న మాట దగ్గర పాచిక తిరగబడుతుంది. యోహాను 3:16లో “నశింపక నిత్యజీవము” అని ఉంది. పాపానికి జీతం మరణం అంటాడు పౌలు. ప్రకటన గ్రంథం అగ్నిగుండాన్ని “రెండవ మరణము” అంటుంది. ఇవన్నీ నిర్మూలన వాదుల బలగం. చావు అంటే చావే అనుకోవాలి, చావు అంటే బాధలో శాశ్వతంగా బతకడం అని ఎందుకు తిప్పాలి అని వాళ్లు అడుగుతారు. అయితే నశించడానికి గ్రీకులో వాడిన “అపొల్లుమి” అనే క్రియ మహా గడుసుది. లూకా 15లో తప్పిపోయిన గొర్రెకూ, పోయిన నాణేనికీ, ఇల్లు వదిలిపోయిన కొడుక్కీ అదే క్రియ. కొత్త ద్రాక్షారసం పోస్తే పాడైపోయే తిత్తులకూ అదే. గొర్రె లేకుండా పోలేదు, దొరికింది. తిత్తి మాయం కాలేదు, పనికిరాకుండా పోయింది. కాబట్టి నశించడమంటే ఉనికి పోవడం కాదు, చెడిపోవడం అంటారు నిత్యశిక్ష వాదులు. నశించినదే మళ్లీ దొరికిందంటే ఆశ ఉన్నట్టే అంటారు సర్వరక్షణ వాదులు. ఒక్క క్రియాపదం మూడు పక్షాలకూ కూలి చేస్తోందన్నమాట. అయితే నాకు ఒకటి అనిపిస్తుంది. చంపేవాడి గురించీ నిప్పు గురించీ మాట్లాడేటప్పుడు ఆ క్రియకు “చంపడం, తుడిచిపెట్టడం” అన్న అర్థమే ముందుకొస్తుంది. గొర్రె ఉదాహరణను అక్కడికి లాక్కురావడం కాస్త బలవంతమే.

నిప్పు సంగతి ఇంకా తమాషా. “వారి పురుగు చావదు, అగ్ని ఆరదు” అని మార్కు సువార్తలో ఉన్నది యెషయా గ్రంథం చివరి వచనంలోని మాట. అక్కడ ఆ పురుగూ నిప్పూ పని చేస్తున్నది కళేబరాల మీద, బతికున్నవాళ్ల మీద కాదు. ఆరని నిప్పు అంటే ఎవరూ ఆర్పలేని నిప్పు, కాల్చాల్సింది పూర్తిగా కాల్చేదాకా ఆగనిది అని చదవొచ్చు. పాత నిబంధనలో అగ్నితో నాశనమైన సొదొమ పట్టణం నిత్యాగ్నికి గురైందని యూదా పత్రిక అంటుంది, అక్కడ ఇప్పుడు మంటేమీ లేదు. ఎదోము దేశపు పొగ నిత్యం లేస్తుందని యెషయా 34లో ఉంది, అది కూడా లేవడం లేదు. మరి ప్రకటన 20:10 మాటేమిటి? సాతాను, క్రూరమృగం, అబద్ధ ప్రవక్త యుగయుగాలు రాత్రింబగళ్లు బాధింపబడతారని అక్కడ సూటిగా ఉంది. మృగం ఒక రాజ్యానికి గుర్తు, మరణమూ పాతాళమూ కూడా అదే గుండంలో పడ్డాయి, వాటికి నొప్పి తెలుస్తుందా అని నిర్మూలన వాదులు అంటారు. సాతాను మాత్రం గుర్తు కాదు కదా అని అవతలివాళ్లు అంటారు. ఈ వచనం దగ్గర నిర్మూలన వాదులు చెమటోడ్చక తప్పదు.

“నరకం” అని మనం చదివే చోట సువార్తల్లో ఉన్నది “గెహెన్నా”. అది యెరూషలేము పక్కనున్న హిన్నోము లోయ. ఆహాజు, మనష్షే రాజులు తమ పిల్లల్ని నిప్పుకు అర్పించింది అక్కడే. ఆ తర్వాత యోషీయా రాజు దాన్ని అపవిత్రం చేసి ఆ ఆచారం ఆపించాడు. యేసు కాలంలో అది నగరపు చెత్త తగలబెట్టే చోటు, అందుకే ఆరని మంట అన్నాడు అని ప్రసంగాల్లో తరచూ వింటాం. వినడానికి బాగుంటుంది గానీ ఆ చెత్తకుప్ప కథకు ఆ కాలపు ఆధారం లేదు. అది మొదట కనిపించేది దాదాపు 1200 ప్రాంతపు యూదు వ్యాఖ్యాత దావీదు కింహి రాతల్లో. లోయ పేరు భయం పుట్టించడానికి పిల్లల బలి చరిత్ర చాలు.

అగస్టీన్ మాత్రం నిప్పును నిప్పుగానే తీసుకున్నాడు. దేహం కాలుతూ కూడా కాలిపోకుండా ఎలా ఉంటుందని ఎగతాళి చేసినవాళ్లకు ఆయన ప్రకృతి నుంచి ఉదాహరణలు వెతికాడు. నిప్పులో బతుకుతుందని అప్పట్లో నమ్మిన సాలమండర్, ఎప్పటినుంచో మండుతూ కూడా తరగని సిసిలీ అగ్నిపర్వతాలు. నెమలి మాంసం కుళ్లదని విని, కార్తేజ్‌లో తనకు వడ్డించిన ముక్క ఒకటి దాచిపెట్టించి నెల దాటాక, ఏడాది తర్వాత కూడా చూశాడట. కాస్త ఎండిందే తప్ప వాసన రాలేదని రాశాడు. ఇప్పుడు నిత్యశిక్షను సమర్థించేవాళ్లలో చాలామంది నిప్పు ఒక ఉపమానమే అంటారు. అనంతుడైన దేవునికి చేసిన ద్రోహం అనంతం కాబట్టి శిక్షా అనంతమే అన్న వాదన మధ్యయుగాల్లో బలంగా నడిచింది. ఇప్పుడు ఎక్కువగా వినిపించేది, దేవుణ్ణి వద్దన్నవాణ్ణి దేవుడు బలవంతంగా లాక్కురాడు, వాడు కోరుకున్న దూరమే వాడి నరకం అన్న వాదన. నరకం తలుపులకు గడియ లోపలి వైపే ఉంటుందన్నాడు ఆంగ్ల క్రైస్తవ రచయిత సి.ఎస్. లూయిస్. 1992లో వచ్చిన కతోలిక సత్యోపదేశం (ఆ సంఘపు అధికారిక బోధ గ్రంథం) కూడా నరకంలో ప్రధాన శిక్ష దేవుని నుంచి శాశ్వతంగా వేరుపడటమే అంటుంది. 1999లో పోప్ రెండో జాన్ పాల్ నరకం ఒక చోటు అనడం కంటే, దేవుణ్ణి కావాలని తెంచుకుపోయినవాళ్ల స్థితి అని వివరించారు. సిద్ధాంతం పేరు మారలేదు, లోపలి సరుకు మాత్రం అగస్టీన్ నాటిది కాదు.

సర్వరక్షణ వాదం కొత్తగా పుట్టిన మెత్తదనం అనుకుంటారు చాలామంది. అది మూడో శతాబ్దపు ఓరిజెన్ నాటిది. శిక్ష వైద్యం లాంటిదనీ, చివరికి అన్నీ దేవునిలో కుదురుకుంటాయనీ ఆయన ఆశించాడు. నాలుగో శతాబ్దంలో నిస్సాకు చెందిన గ్రెగరీ దాన్ని ఇంకా తేటగా చెప్పాడు: బంగారంలోని మలినం పోయేదాకా కొలిమి, మలినం పోయాక కొలిమితో పనిలేదు. 553లో రెండో కాన్‌స్టాంటినోపుల్ సభ ఓరిజెన్‌ను శపించింది. కానీ ఆయన పేరుతో ఖండించినవాటిలో ఆత్మలు పుట్టుకకు ముందే ఉన్నాయన్న బోధ కూడా కలగలిసి ఉంది కాబట్టి, సర్వరక్షణను విడిగా ఖండించారా లేదా అన్నది చరిత్రకారులు నేటికీ వాదించుకునే విషయం. గ్రెగరీ మాత్రం పరిశుద్ధుడిగానే నిలిచాడు. ఏడో శతాబ్దంలో నీనెవెకు చెందిన ఇస్సాకు, గెహెన్నాలో ఉన్నవాళ్లను కొట్టేది ప్రేమ కొరడాయే అన్నాడు. ప్రేమకు ద్రోహం చేశామన్న బాధే అక్కడి బాధ. ఆర్థొడాక్స్ సంఘంలో ఈ స్వరం ఇప్పటికీ వినిపిస్తుంది.

ఈ పక్షానికి గట్టి వచనాలున్నాయి. ఆదామునందు అందరూ చనిపోయినట్టే క్రీస్తునందు అందరూ బతికింపబడతారు అన్నది ఒకటి. సమస్తాన్నీ తనతో సమాధానపరచుకోవాలని దేవుడు కోరాడన్నది మరొకటి. వీళ్ల గొంతులో ముల్లు, యేసును పట్టించిన శిష్యుడు యూదా ఇస్కరియోతు. “ఆ మనుష్యుడు పుట్టియుండనియెడల వానికి మేలు” అన్నాడు యేసు. ఎన్ని యుగాలు పట్టినా చివరికి పరలోకం చేరేవాడికి పుట్టకపోవడం మేలెలా అవుతుంది?

ఉత్తరించు స్థలాన్ని (పర్గెటరీ) చాలామంది ఈ సర్వరక్షణతో కలిపేస్తారు. అది రెండో అవకాశం కాదు. కతోలిక బోధ ప్రకారం అక్కడికి వెళ్లేది ఇప్పటికే రక్షణ ఖాయమైనవాళ్లే, శుద్ధి కోసం. అక్కడినుంచి నరకానికి దారి లేదు.

చావుకూ తీర్పుకూ మధ్య ఏమవుతుందన్నది ఇంకో ముడి. ప్రొటెస్టెంట్ సంస్కరణ కాలంలో లూథర్ మరణాన్ని నిద్రగా చాలాసార్లు వర్ణించాడు. కాల్విన్ 1534లో, కుర్రవాడిగా ఉన్నప్పుడే, ఆత్మ నిద్రపోతుందన్న బోధను ఖండిస్తూ తన మొదటి వేదాంత గ్రంథం రాశాడు. ఈ వాదనలో ఒక కామా పాత్ర కూడా ఉంది. సిలువ మీది దొంగతో యేసు “నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు” అన్నాడా, లేక “నేడు నీతో చెప్పుచున్నాను, నీవు నాతో ఉందువు” అన్నాడా? ప్రాచీన గ్రీకు ప్రతుల్లో ఇలాంటి విరామ చిహ్నాలు లేవు. ఆత్మ నిద్రను నమ్మే సెవెంత్ డే అడ్వెంటిస్టులు రెండో రకంగా చదువుతారు. మిగతావాళ్లలో ఎక్కువమంది మొదటి రకంగా. సువార్తల్లో యేసు “మీతో చెప్పుచున్నాను” అన్న ఇంకెక్కడా “నేడు” అని దానికి చేర్చడు కాబట్టి నాకు మొదటిదే సహజంగా అనిపిస్తుంది. చనిపోయాక ధనవంతుడు యాతనలో, పేద లాజరు సుఖంలో కనిపించే లూకా సువార్త కథ కూడా ఈ మధ్యకాలానికి చెందిందే. అక్కడ ధనవంతుడు ఉన్నది హేడిస్‌లో (షెయోల్‌కు గ్రీకు మాట), గెహెన్నాలో కాదు. అతని అన్నదమ్ములు ఇంకా బతికే ఉన్నారు, తీర్పుదినం రాలేదు. చివరి గతికి ఆ కథను సాక్ష్యంగా తెచ్చేవాళ్లు ఈ వివరం దాటేస్తారు.

నిర్మూలన వాదాన్ని చాలాకాలం పక్క సంఘాల బోధగానే చూశారు. అడ్వెంటిస్టులు 1863లో సంఘంగా ఏర్పడినప్పటినుంచీ దాన్ని పట్టుకున్నారు. యెహోవా సాక్షులు కూడా నిత్యయాతనను ఒప్పుకోరు. ఆ గీత చెరిగింది 1988లో. ఆంగ్లికన్ బోధకుడు జాన్ స్టాట్, ఇవాంజెలికల్ లోకం పెద్దదిక్కుగా చూసే మనిషి, తాను తాత్కాలికంగానే అయినా నిర్మూలన వైపు మొగ్గుతున్నానని రాశాడు. చాలామంది నొచ్చుకున్నారు. 1995లో ఇంగ్లండ్ సంఘపు సిద్ధాంత కమిషన్ నివేదిక కూడా నరకాన్ని పూర్తి ఉనికిలేమిగా చూడటమే మేలన్నట్టు రాసింది.

పక్షం ఏదైనా, లెక్కపెట్టి చూడదగ్గ సంగతి ఒకటుంది. కొత్త నిబంధనలో గెహెన్నా అన్న మాట వచ్చేది పన్నెండు సార్లే. ఒకటి యాకోబు పత్రికలో నాలుక గురించి, మిగతా పదకొండూ యేసు నోట. పౌలు పత్రికల్లో ఒక్కసారి కూడా రాదు. అపొస్తలుల కార్యాల్లో అన్యజనులకు (యూదులు కానివాళ్లకు) చేసిన ఏ ప్రసంగంలోనూ లేదు. వాళ్లతో తీర్పు గురించి, పునరుత్థానం గురించి మాట్లాడారు, లోయ గురించి కాదు. యేసు ఆ మాట వాడినది ఎక్కువగా తన శిష్యులతో, ఆ తర్వాత ధర్మశాస్త్ర పండితులైన శాస్త్రులతో, పరిసయ్యులతో. మొదట్లో చెప్పుకున్న మత్తయి 10:28 కూడా పన్నెండుమంది శిష్యులను ఊళ్లలోకి పంపే ముందు వాళ్లకు చెప్పిందే.